మూడు ఫ్లాట్లూ ఒక జీడితోట

బాదం చెట్టు ఏడాదికి రెండుసార్లు ఆకు రాలుస్తుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లకి స్కూటర్ లేదని గవర్రాజు అభిప్రాయం. విశాఖపట్నం మధురవాడలో, సాగరదీప్తి అపార్ట్‌మెంట్ పార్కింగులో ఉన్న బాదం చెట్టు మాత్రం ఆదివారం సెలవు కూడా తీసుకోకుండా, రోజూ సరిగ్గా అతని స్కూటర్ సీటు మీదే ఆకులు రాల్చేది. ఒక్కో ఆకూ అప్పడమంత. వాటి మీద రాత్రంతా పిట్టలు చేసిన సంతకాలు. రుమాలుతో తుడిస్తే రుమాలు పాడవుతుంది, తుడవకపోతే ప్యాంటు పాడవుతుంది. పదకొండేళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి అతను ఈ రెండింటిలో ఒకటి ఎంచుకుని ఆఫీసుకు వెళ్లేవాడు.

సాగరదీప్తి నుంచి సాగరం కనిపించదు. వాటర్ ట్యాంకు నిచ్చెన ఎక్కి, ఎడమ చేత్తో డిష్ యాంటెన్నా పట్టుకుని, మెడ బాగా చాపితే దూరంగా నీలం గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీత చూపించే బిల్డరు పన్నెండు ఫ్లాట్లూ అమ్మేశాడు.

ఆ ఏడు అసోసియేషన్ మీటింగులో రెండు తీర్మానాలు జరిగాయి. ఒకటి, వచ్చే నెల మొదటి ఆదివారం బాదం చెట్టు కొట్టించడం. ప్రతిపాదించినవారు గవర్రాజు, బలపరిచినవారు ఎదుటి ఫ్లాటు నాగేంద్రరెడ్డి, మినిట్స్ రాసినవారు కార్యదర్శి సుభద్రమ్మగారు. రెండు, పచ్చదనం పెంపొందించడం కోసం లిఫ్టు దగ్గర ప్లాస్టిక్ వెదురు పెట్టించడం. రెండూ ఏకగ్రీవం.

గవర్రాజు గురించి ఇంకో సంగతి. భార్యని అతను పేరు పెట్టి పిలవడు. 'ఏమే' అని కూడా అనడు. హాల్లో కూర్చుని రెండు చప్పట్లు కొడతాడు. టప్, టప్. వరహాలు టీ తెస్తుంది. కొత్తగా చూసినవాళ్లు ఇదేదో జమీందారీ పోకడ అనుకుని, ఆవిడ వైపు జాలిగా చూసేవాళ్లు. వరహాలు అంత ఓర్పుగల మనిషేం కాదు. కూరలవాడు గ్రాము తేడా చేస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అయినా ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ చప్పట్లకి మాత్రం కిక్కురుమనకుండా పలుకుతోంది.

ఆఫీసంటే ఒక పరిశోధన సంస్థ. గవర్రాజు దానికి స్టోర్ కీపరు. ఒకరోజు డాక్టర్ మందాకిని అతని కౌంటరు దగ్గరకి వచ్చింది. ముప్పై అయిదేళ్ల మనిషి, ఎప్పుడూ జడలో పెన్ను మర్చిపోయి అందరినీ పెన్ను అడుగుతుంటుంది.

"గవర్రాజుగారూ, నా ప్రయోగానికి ఒక మనిషి తక్కువయ్యారు. మీరు కూర్చోవాలి."

"స్టాకులో మనుషులు నేరండి," అన్నాడు గవర్రాజు.

ఆవిడ నవ్వలేదు. పట్నంవాళ్లకి ప్రకృతితో తెగిపోయిన బంధాన్ని వర్చువల్ రియాలిటీతో తిరిగి ముడివెయ్యాలన్నది ఆవిడ ప్రయోగం. ముందు ఆ బంధం ఎంతుందో కొలవాలి కదా, కాబట్టి ప్రశ్నలడిగింది.

"చెట్టును చూస్తే మీకేమనిపిస్తుంది?"

"స్కూటర్ పక్కకి తియ్యాలనిపిస్తదండి."

"పక్షుల కూత వింటే?"

"అప్పుడే తెల్లారిపోయిందేటి అనిపిస్తది."

వందకి పదకొండు మార్కులు వచ్చాయి. ఇంతకంటే తక్కువ ఎవరికైనా వచ్చాయా అని గవర్రాజు ఆసక్తిగా అడిగాడు. ప్లాస్టిక్ కుర్చీల వ్యాపారం చేసే ఆయనకి కూడా పద్నాలుగు వచ్చాయని చెప్పింది మందాకిని.

"అడవి అంటే నిజానికి ఎవరికీ ప్రేమ ఉండదండీ," అంది ఆవిడ, ప్రయోగం కోసం తెచ్చిన టోపీ అతని నెత్తిన సర్దుతూ. "పదేళ్ల లోపల తిరిగిన చోటు ఒకటి ఉంటుంది ప్రతివాళ్లకీ. ఆ ఒక్క చోటంటేనే ప్రేమ. అక్కడికి తీసుకెళ్లి తిప్పి తీసుకొస్తే, ఆ తర్వాత కనిపించిన ప్రతి చెట్టులోనూ దాన్నే వెతుక్కుంటారు. మీది ఏ ఊరు?"

"ఉద్దానమండి. సముద్రం పక్క."

"దాన్ని తలుచుకోండి."

టోపీ లోపల నుదుటికి తగిలేలా వేలెడు పట్టీ ఒకటి ఉంది. అది చల్లగా తగిలింది. కళ్లకి అడ్డంగా అద్దాలు దిగాయి.

ముందు ఇసుక వచ్చింది. పాదాల కింద వెచ్చగా, మెత్తగా. తర్వాత మొగలి పొదల కంచె. వాటి మధ్య సందులోంచి వంగి దూరితే జీడితోట. ఏప్రిల్ నెల. కొమ్మలకి ఎర్రగా, పసుపుగా పళ్లు, ప్రతి పండుకీ కింద వేలాడుతూ ఒక గింజ. ఎక్కడో సముద్రం, కనిపించకుండా ఊపిరి తీసుకుంటోంది. గవర్రాజుకి ఎనిమిదేళ్లు. నోట్లో జీడిపండు పీచు, గొంతులో దాని వగరు. చొక్కా మీద మరక, ఇంటికెళ్తే అమ్మ చేతిలో దెబ్బలు ఖాయం.

ముందు నీలప్ప నడుస్తోంది.

నీలప్ప అతని అక్క. అతనికంటే తొమ్మిదేళ్లు పెద్దది. పుట్టు మూగ. నెత్తిన తట్ట, బిగించిన కొంగు, మడమల మీద ఆరిన ఇసుక. తమ్ముడు వెనకబడితే పిలవడానికి ఆమెకి నోరు లేదు. ఆగి, వెనక్కి తిరక్కుండానే రెండు చప్పట్లు కొడుతుంది. టప్, టప్. అంతే, గవర్రాజు ఎక్కడున్నా పరుగు. ఎనిమిదేళ్లవాడు అప్పుడప్పుడూ కావాలనే పొదల వెనక దాక్కునేవాడు. ఈసారైనా పేరు పెట్టి పిలుస్తుందేమోనని. ఆమె చప్పట్లే కొట్టేది. ఒకసారి చాలాసేపు బయటికి రాకపోతే, నోరు తెరిచి గొంతులోంచి ఏదో లాగాలని చూసింది. రాలేదు. ఆ ఏడు వానాకాలం జ్వరాల్లో పోయింది. ఒక్క ఫొటో లేదు.

టోపీ తీసేసరికి గవర్రాజు స్టోరు కుర్చీలోనే ఉన్నాడు. స్టోరులో దుమ్మెక్కువైందని, కళ్లు మండుతున్నాయని మందాకినికి చెప్పాడు.

"టోపీ ఇంటికి తీసుకెళ్లండి. రోజుకి అరగంట, నలభై రోజులు. కానీ ఒక్క మాట. ఈ పట్టీ మీ తలలోంచి తీసుకుంటుంది, మీ తలకే తిరిగి ఇస్తుంది. ఇంకెవరూ పెట్టుకోకూడదు. ఇక్కడ సంతకం పెట్టండి."

చదవకుండా సంతకం పెట్టడంలో గవర్రాజుకి ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది.

అయితే సాగరదీప్తిలో ఒక్కరి వస్తువు అనేది లేదు. నిచ్చెన రెడ్డిగారిది, ఎక్కేది పన్నెండు ఫ్లాట్లవాళ్లూ. ఇంటర్నెట్ సుభద్రమ్మగారిది, పాస్‌వర్డు పాలవాడికి కూడా తెలుసు. ఒక ఇంట్లో గ్రైండరు తిరిగితే మూడిళ్లలో ఇడ్లీలు. అలాంటి చోట ఒక మనిషి రోజూ సాయంత్రం ఆరింటికి నెత్తిన టోపీ పెట్టుకుని, బాల్కనీలో కూర్చుని, ఒంటరిగా నవ్వుకుంటూ ఉంటే ఎన్నాళ్లు దాగుతుంది? మూడు రోజులు దాగింది.

"ఏంది గవర్రాజన్నా అది? ఒక తూరి నేనూ జూస్తా," అన్నాడు నాగేంద్రరెడ్డి. కడప జిల్లావాడు, పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాడు. జీవితమంతా ఇతరుల ఉత్తరాల మీద ముద్ర కొట్టినవాడు కనక కుతూహలం ఎక్కువ.

"ఒక్కరికే అన్నారు రెడ్డిగారూ."

"అరగంటే కదప్పా. అరిగిపోతాదా?"

సుభద్రమ్మగారు కూడా వచ్చారు. "ఆయ్, మా కోనసీమ కాలవ కనపడుద్దేమో ఓపాలి చూసిచ్చేత్తానండీ గవర్రాజుగారూ. బాతులుండేవండి మాకు, నలభై బాతులు."

గవర్రాజు నసిగాడు. లోపలినుంచి వరహాలు తీర్పు చెప్పింది. "ఇచ్చీండి, ఏటైపోద్ది? మాత్రలేటి, ఒకల మందు ఇంకొకలు మింగీడానికి?"

ఇచ్చాడు. ఆరు నుంచి ఆరున్నర గవర్రాజు, ఆరున్నర నుంచి ఏడు రెడ్డిగారు, ఏడు నుంచి సుభద్రమ్మగారు. ఆవిడ అలవాటుకొద్దీ దానికి టైంటేబులు రాసి లిఫ్టు పక్కన అంటించారు. పట్టీ మార్చలేదు కనక, టోపీ లెక్క ప్రకారం ముగ్గురూ గవర్రాజులే.

రెండో వారంలో ఇసుకలో అక్కడక్కడా ఎర్ర గులకరాళ్లు కనిపించాయి. ఉద్దానంలో ఎర్ర రాళ్లెక్కడివి అనుకున్నాడు గవర్రాజు, అనుకుని ఊరుకున్నాడు. తర్వాత జీడితోట చివర ఒక కాలవ వచ్చింది, అందులో బాతులు. లెక్కపెట్టాడు, ముప్పై తొమ్మిదున్నాయి. స్టోర్ కీపరు మనిషి కదా, ఎక్కువొచ్చిన సరుకు సంగతి పైకి రాయలేదు.

పదిహేనో రోజు అతను పొదల వెనక దాక్కున్నాడు. నీలప్ప ఆగింది. చప్పట్ల కోసం చెవులు రిక్కించాడు.

"రేయ్ గవిరీ! యాడ దాక్కోనుండావురా? ముండ్లుంటాయి, జూసుకోని రా!"

గట్టి గొంతు, పొలం గట్టు మీంచి నాలుగు మడుల అవతలికి వినిపించే గొంతు. నీలప్ప వెనక్కి తిరిగి నవ్వుతోంది. గవిరి అని పిలిచింది. యాభై ఏళ్ల కిందట ఏ పిలుపు కోసం మొగలి ముళ్లలో చేతులు గీరుకుంటూ కూర్చున్నాడో, ఆ పిలుపు పిలిచింది. అది ఏ జిల్లా యాసలో ఉందని పట్టించుకునే స్థితిలో అతను లేడు.

టోపీ తీసి ఏడ్చాడు. ఎందుకని వరహాలు అడిగితే, ఉల్లిపాయలన్నాడు. ఆ పూట ఇంట్లో ఉల్లిపాయలు లేవు.

చెట్టు కొట్టే ఆదివారం రానే వచ్చింది. గొడ్డలి, తాడు పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చేసరికి చెట్టు కింద ముగ్గురు కూర్చుని ఉన్నారు. గవర్రాజు తన స్కూటర్ని తీసి ఎండలో రోడ్డు మీద పెట్టాడు. రెడ్డిగారు రాలిన ఆకు ఒకటి చేతిలో పట్టుకుని, మనవరాలి ఫొటో చూసినట్టు చూస్తున్నాడు.

"తీర్మానం చెల్లదండి," అన్నారు సుభద్రమ్మగారు. "మినిట్స్ మీద నా సంతకం లేదు."

"మీరే కదమ్మా ఫోన్ చేసి రమ్మన్నారు," అన్నాడు గొడ్డలి మనిషి.

"ఆయ్, పిలిచింది నేనే, పొమ్మంటంది కూడా నేనేనండి. కాఫీ తాగెళ్లండి."

ఆ వారం గవర్రాజుకి మళ్లీ ప్రశ్నలు వేశారు. వందకి తొంభై ఒకటి. ఆ ప్రయోగంలో ఎవరికీ అన్ని రాలేదు. మందాకిని జడలోంచి పెన్ను తీసి, తీశానని గమనించి, ఆ ఆనందంలో స్టోరులో అందరికీ స్వీట్లు తెప్పించింది.

ముప్పయ్యో రోజు సాయంత్రం రెడ్డిగారు వచ్చి సోఫాలో కూలబడ్డాడు. మొహం పీక్కుపోయింది.

"గవర్రాజన్నా, మాయమ్మ నోరిప్పడం ల్యా."

"ఏటండి?"

"మా సెనక్కాయ చేన్లో మాయమ్మ. నోరు తెరిస్తే పక్కూరోళ్లు గూడా లేసి కూసుంటాండ్రి. అట్లాంటి మనిషి, రెండు వారాలాయ, ఒక్క మాట లేదు. నన్ను పిలవాలంటే సప్పట్లు కొడ్తాంది. టోపీలో అయితే పోనీలే అనుకుంటి. ఇప్పుడు టోపీ లేకుండా కండ్లు మూసుకున్నా ఆ సప్పట్లే. ఆమె గొంతు ఎట్లుండేదో గ్యాపకం రావడంల్యా సామీ. అరవై ఏండ్లు చెవుల్లో ఉన్నింది, యాడికి పాయ?"

టీ తెస్తున్న వరహాలు గుమ్మంలోనే ఆగిపోయింది. "సప్పట్లా?" అంది.

గవర్రాజుకి ఏమీ అర్థం కాలేదు. "మా అప్పకేం బాగానే ఉందండి. నిన్న కూడా తిట్టింది. చిన్నప్పట్నుంచీ అంతే, దాని నోటికి మా ఊరంతా హడలు."

వరహాలు ట్రే బల్ల మీద పెట్టింది. మెల్లగా, చప్పుడు కాకుండా. ఆమె వస్తువుల్ని చప్పుడు కాకుండా పెట్టిందంటే ప్రమాదమని గవర్రాజుకి తెలుసు.

"ఏవండి. మీ అప్ప మూగది కదా."

"ఎవరు సెప్పేరు నీకు?"

"మీరే. పెళ్లైన కొత్తల్లో, బీచిలో కూకుని. పొదల్లో దాక్కుంతే నోరు తెరిచింది, మాట రానేదని సెప్పి, గంట సేపు ఏడిసేరు. ఆ రోజు నుంచే కదా మీరు సప్పట్లు కొడితే నాను పలకడం." ఆమె గొంతు తగ్గింది. "పదిహేను రోజులై మీరు సప్పట్లు కొట్టడం మానీసేరు. 'వరాలూ' అని అరుస్తన్నారు. మొగుడికి ఇన్నాళ్లకి పేరు గుర్తొచ్చిందని నాను సంబరపడిపోనాను."

గవర్రాజు కళ్లు మూసుకున్నాడు. మూగ నీలప్ప కోసం తల మొత్తం వెతికాడు. స్టోరులో లేని సరుకు కోసం వెతికినట్టు, ప్రతి అరా. ప్రతి అరలోనూ నీలప్ప ఉంది, ప్రతిచోటా గట్టిగా మాట్లాడుతూనే ఉంది. తల్లి ఒళ్లో, పెళ్లి పందిట్లో, జ్వరం మంచం మీద. చివరి రోజు కూడా 'గవిరీ, మంచినీళ్లియ్యిరా' అంది.

వినడం మానేసి కళ్లు తెరిచాడు. రెడ్డిగారు అతన్నే చూస్తున్నాడు. "ఎట్ల తిడ్తాదో ఒకతూరి చెప్పన్నా," అన్నాడు.

గవర్రాజు చెప్పాడు. "రేయ్, యాడ దాక్కోనుండావురా..."

రెడ్డిగారు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "మాయమ్మే," అన్నాడు. "మాయమ్మే సామీ."

మర్నాడు ముగ్గురూ లాబుకి వెళ్లి నిజం ఒప్పుకున్నారు. సుభద్రమ్మగారు సాక్ష్యంగా టైంటేబులు కూడా తెచ్చారు. మందాకిని దాన్ని రెండుసార్లు చదివి, కుర్చీలో కూర్చుంది. తొంభై ఒక్క మార్కులూ ఆవిడ మొహంలోంచి ఒక్కొక్కటిగా దిగిపోవడం కనిపించింది.

"తలుచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం పచ్చిమట్టి అవుతుందండీ. అప్పుడు పట్టీ దాన్ని కొంచెం సరిచేసి, గట్టిపరిచి పెడుతుంది. ఒక తలదైతే మంచిదే. మూడు తలలది కలిపి, మూడింటికీ పంచి పెట్టింది."

"నాకేం నష్టం లేదండి," అన్నారు సుభద్రమ్మగారు మొహమాటంగా. "ఓ బాతు తగ్గింది, అంతే. పైగా జీడితోట వచ్చింది."

"వేరు చెయ్యలేరా?" అడిగాడు గవర్రాజు. "వాళ్లమ్మ గొంతు ఆయనకిచ్చీసి, నాకు... నాకు వేరేది ఏదైనా గొంతు."

"పాలూ డికాక్షనూ కలిశాక కాఫీయే కదండీ. చేస్తే ఒక్కటే చెయ్యగలను. టోపీ తలలో వేసిందంతా చెరిపేస్తాను, ముగ్గురికీ ఒకేసారి. కింద ఉన్న పాతది మళ్లీ పైకి తేలాలి. ఇంతవరకూ వేరే కారణాల మీద నలుగురికి చెరిపాం. ముగ్గురికి తేలింది."

"నాలుగో ఆయనకి?"

మందాకిని పెన్ను కోసం బల్ల మీద వెతికింది. "తెల్లకాగితం," అంది. "రేపు పదకొండు లోపల చెయ్యాలి. ఇంకా ఆలస్యమైతే ఆ మట్టి ఆరిపోతుంది. పట్టీ మీ పేరు మీద ఉంది గవర్రాజుగారూ. సంతకం మీదే."

కాగితం ఇచ్చింది. జీవితంలో మొదటిసారి గవర్రాజు ఒక కాగితాన్ని చదివాడు. ఆరుసార్లు చదివాడు.

ఇప్పుడు సాయంత్రం ఆరు. గవర్రాజు బాదం చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాడు. కాగితం జేబులో ఉంది. టోపీ ఒళ్లో ఉంది. రెడ్డిగారు పైన తన బాల్కనీలో నిలబడి ఉన్నాడు, కిందికి చూడకూడదని అటువైపు తిరిగి. పొద్దుట్నుంచీ ఒక్క మాట ఒత్తిడి చెయ్యలేదు. మధ్యాహ్నం మాత్రం వచ్చి, "నీ ఇష్టమన్నా. తిట్టినప్పుడు బాగనే ఉంటాది కదా మాయమ్మ గొంతు?" అని అడిగి వెళ్లిపోయాడు. అదే గవర్రాజుకి అన్నిటికంటే కష్టంగా ఉంది.

సంతకం పెడితే రెడ్డిగారి తల్లికి నోరొస్తుంది, నీలప్పకి పోతుంది. చేతులారా అక్క నోరు మూయించినవాడవుతాడు. పెట్టకపోతే ఇంకొకరి అమ్మ గొంతు దాచుకుని, నిజంగా ఉన్న నీలప్పని, నోరు తెరిచి పిలవాలని చూసి పిలవలేకపోయిన పిల్లని, భూమ్మీద లేకుండా చేసినవాడవుతాడు. ఆమెకి ఫొటో కూడా లేదు. ఇప్పుడామె మిగిలి ఉన్నది, ఆమెను ఎన్నడూ చూడని వరహాలు తలలో మాత్రమే.

ఒక ఆకు రాలి అతని భుజం మీద పడింది. తుడుచుకోలేదు.

పైనుంచి చప్పుడు వినిపించింది. టప్, టప్. మూడో అంతస్తు వంటింటి కిటికీలో వరహాలు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆమె చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. టీ అయిందని కావచ్చు. ఇంకేదైనా కావచ్చు.

గవర్రాజు తను లేవాలనుకోకముందే లేచి నిలబడి ఉన్నాడు. ఎందుకు లేచాడో అతనికి తెలియలేదు. అదే క్షణంలో చెవుల్లో, స్పష్టంగా, ముద్దుగా, 'గవిరీ' అని వినిపించింది.

కాళ్లకి చప్పట్లు గుర్తున్నాయి. చెవులకి పేరు గుర్తుంది. సంతకం పెట్టాల్సింది మాత్రం చెయ్యి.

అయ్యా, అమ్మా, ఇక్కడివరకూ చదివినవాళ్లు కాస్త పుణ్యం కట్టుకోండి. ఈ కథ చెబుతున్నవాడికి కూడా దిక్కు తోచడం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి, గొంతు పోయినవాళ్లనడగండి, అక్కలున్నవాళ్లనడగండి. మీరైతే ఏం చేస్తారు? ఉత్తరాలు రాయకండి, అంత టైము లేదు. లాబు గేటు దగ్గరకి వచ్చి చెప్పినా చాలు. రేపు పదకొండు లోపల.